రెండేండ్ల ఆయవ్యయములు: పోల్చి చదువు విధము

ఏటేట వేసవి ముంగిట రాష్ట్ర ప్రభుత్వము తన ఆయవ్యయ పట్టికను శాసనసభ యెదుట నుంచును. మఱునాటి పత్రికలలో పెద్ద యక్షరములతో నొక సంఖ్య ప్రకటింపబడును. నిరుటికంటె నిన్ని వేల కోట్లు హెచ్చినదని దాని ప్రక్కనే వ్రాయుదురు. అది చూచి కొందఱు సంతోషింతురు; కొందఱు పెదవి విఱుతురు; పెక్కుమంది పుట త్రిప్పివేయుదురు. అంత పెద్ద సంఖ్య తమ యింటికి సంబంధించినది కాదని వీరి తలంపు. కాని ఊరిబడిలోని ఉపాధ్యాయుడు, వైద్యశాలలోని మందు, చెఱువుకట్ట, మధ్యాహ్నమున పిల్లలకు వడ్డించు అన్నము, ఇవన్నియు ఆ సంఖ్యలోనివే. అంతేకాదు, ఆ సంఖ్యలో కొంతభాగము అప్పు. దానిని రేపు తీర్చవలసినవారు నేడు బల్లలపై గూర్చుండి చదువుకొనుచున్న బాలబాలికలే.

మన పై తరగతులవారు గణితములో శాతములను, పౌరశాస్త్రములో శాసనసభను గూర్చి నేర్చియే యున్నారు. ఆ రెండు పాఠములను జోడించినచో ఒక యేటి పట్టికను మఱియొక యేటి పట్టికతో పోల్చి, అందలి నిజమును తామే గ్రహింపగలరు. ఆ విధమును చూపుటకై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు 2024-25, 2025-26 సంవత్సరముల అంచనాలను ఉదాహరణముగా గైకొంటిమి. ఏ పక్షమునైనను పొగడుటగాని తెగడుటగాని మా యుద్దేశము కాదు. చదువు రీతిని నేర్పుటయే మా పని.

మాటల అర్థము

ఇంగ్లీషువారి 'బడ్జెట్' అను మాట చిన్న తోలుసంచి యను అర్థముగల పూర్వపు ఫ్రెంచి మాటనుండి వచ్చినది. మన రాజ్యాంగములో దీనికి వార్షిక ఆర్థిక వివరణ పట్టిక యని పేరు. 202వ అధికరణము ప్రకారము ప్రతి ఆర్థిక సంవత్సరమునకు ఇట్టి పట్టికను శాసనసభ యెదుట పెట్టింపవలెను. ఆర్థిక సంవత్సరము ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగియును. శాసనసభ చేసిన చట్టము లేనిదే ఖజానానుండి ఒక్క రూపాయి యైనను తీయరాదు. ప్రజల సొమ్ముపై ప్రజల ప్రతినిధులకు గల యధికారము ఇదియే.

ఈ పట్టికలోని ముఖ్యమైన మాటలను ఒక గృహస్థుని లెక్కతో సులభముగా తెలిసికొనవచ్చును. అతని యేటి సంపాదన 1,00,000 రూపాయలు. తిండి, బట్ట, పిల్లల చదువు, పాత అప్పుపై వడ్డీ కలిసి 1,10,000 రూపాయలైనవి. ఇట్టి నిత్యపు ఖర్చును ప్రభుత్వపు లెక్కలో రెవిన్యూ వ్యయమందురు. సంపాదనకు మించిన 10,000 రూపాయలు రెవిన్యూ లోటు. అదే యేట అతడు 20,000 రూపాయలు పెట్టి పొలములో బావి త్రవ్వించెను. ఇది మూలధన వ్యయము. ఈ రెండింటికిని గలిపి అతడు 30,000 రూపాయలు అప్పు చేయవలసి వచ్చెను. ఇది ద్రవ్యలోటు.

ఆ 30,000లో 20,000 బావియై నిలిచినది. నీరు పడి పొలము పండినచో ఆ అప్పు తన్ను తానే తీర్చుకొనును. తక్కిన 10,000 ఖర్చై పోయినది. తీర్చవలసిన భారము మాత్రము మిగిలినది. అప్పు ఎంత యని యడుగుటతోపాటు, అప్పు దేనికని యడుగుటయు నిందుచేతనే యవసరము.

మొదటి సూత్రము: సమానమైన వానినే పోల్చవలెను

అవిభక్త ఆంధ్రప్రదేశ్‌కు 2013-14లో వేసిన అంచనా 1,61,348 కోట్ల రూపాయలు. 2014-15కు ఆంధ్రప్రదేశ్ శాసనసభలో పెట్టిన అంచనా 1,11,824 కోట్లు. పేరు ఒక్కటే గనుక ఈ రెండింటిని తీసివేసి చూచినవాడు, ప్రభుత్వపు ఖర్చు ఒక్కయేట దాదాపు మూడవవంతు తగ్గినదనుకొనును. కాని 2014 జూన్ 2న రాష్ట్రము రెండైనది; తెలంగాణము వేఱు రాష్ట్రమై తన పట్టికను తానే వేసికొనెను. పైగా ఆ ఆర్థిక సంవత్సరపు మొదటి రెండు నెలలు అవిభక్త రాష్ట్రముననే గడచినవి. పేరు నిలిచినను వస్తువు మాఱినప్పుడు తీసివేత లెక్క సత్యమును చెప్పదు.

మేము గైకొన్న 2024-25 సంవత్సరమునకును ఒక విశేషము కలదు. అది ఎన్నికల సంవత్సరము. 2024 ఫిబ్రవరిలో అప్పటి ప్రభుత్వము 2,86,389 కోట్ల మధ్యంతర పట్టికను చూపి, కొన్ని నెలల ఖర్చుకు మాత్రము అనుమతి పొందెను. దీనినే ఓట్ ఆన్ అకౌంట్ అందురు. జూన్‌లో క్రొత్త ప్రభుత్వము వచ్చిన పిమ్మట ఆగస్టు మొదలుకొని మఱి నాలుగు నెలల ఖర్చుకు ఆర్డినెన్సు ద్వారా ఏర్పాటు జరిగెను. పూర్తి పట్టికను ఆర్థిక మంత్రి శ్రీ పయ్యావుల కేశవ్ నవంబరు 11న ప్రవేశపెట్టిరి. అప్పటికి సంవత్సరములో ఏడు నెలలకు పైగా గడచిపోయినవి. కావున 2024-25 అంచనా యన్నప్పుడు ఫిబ్రవరి సంఖ్యయా, నవంబరు సంఖ్యయా యని మొదట అడుగవలెను. ఈ వ్యాసమున నవంబరు సంఖ్యలనే వాడితిమి. 2025-26 పట్టిక 2025 ఫిబ్రవరి 28న ప్రవేశపెట్టబడినది.

రెండవ సూత్రము: మొత్తమును విడదీసి చూడవలెను

ఈ క్రింది సంఖ్యలన్నియు కోట్ల రూపాయలలో నున్నవి. సమీపపు కోటికి సవరింపబడినవి. మొదటిది 2024-25 అంచనా, రెండవది 2025-26 అంచనా.

మొత్తము వ్యయము: 2,94,427, 3,22,359
రెవిన్యూ వ్యయము: 2,35,917, 2,51,162
మూలధన వ్యయము: 32,713, 40,636
రెవిన్యూ లోటు: 34,743; 33,186
ద్రవ్యలోటు: 68,743, 79,927
పాఠశాల విద్య: 29,909, 31,806
వైద్యారోగ్యము: 18,421, 19,265
జలవనరులు: 16,705, 18,020

కోట్లు మనస్సున కందవు గనుక ముందుగా వీనిని తలకు పంచి చూతము. 2011 జనాభా లెక్కల ప్రకారము నేటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతపు జనసంఖ్య రమారమి 5 కోట్లు. ఆ లెక్కన 2025-26 మొత్తము వ్యయము తలకు 64,000 రూపాయలకు పైచిలుకు. ఆ యేట చేయదలచిన అప్పు తలకు దాదాపు 16,000 రూపాయలు. ఉయ్యాలలోని శిశువుకును ఇందు పాలున్నది.

ఇక పోలిక. మొత్తము వ్యయము 27,932 కోట్లు పెరిగినది; అనగా నూటికి 9.5. ఈ పెరుగుదలను విడదీసినచో మూడు పాయలు కనబడును. రెవిన్యూ వ్యయము 15,245 కోట్లు పెరిగినది; నూటికి 6.5. మూలధన వ్యయము 7,923 కోట్లు పెరిగినది; నూటికి 24. మిగిలిన 4,764 కోట్లు పాత అప్పుల అసలు చెల్లింపులు, ప్రభుత్వము ఇతరులకిచ్చు అప్పులు మున్నగు వానిలోని పెరుగుదల. పాత అప్పు తీర్చుటకై పోవు సొమ్మును మొత్తమున జేర్చుదురు గనుక, మొత్తము పెరిగినంతనే ప్రజలకు అంత మేలు పెరిగినదనుకొనరాదు.

కాని ఒక మాటను మఱువరాదు. మూలధన వ్యయమంతయు మంచిది, రెవిన్యూ వ్యయమంతయు వ్యర్థమని భావించుట పొరపాటు. ఉపాధ్యాయుల జీతములు రెవిన్యూ వ్యయమే. లంకల గన్నవరమున ఆకొన్నవారికెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేర బడులలో సాగు మధ్యాహ్న భోజనమును రెవిన్యూ వ్యయమే. దానికి 2025-26 అంచనాలో 3,486 కోట్లు చూపిరి. ఉపాధ్యాయుడు లేని బడిభవనము మూలధన వ్యయమైనంత మాత్రమున విద్య నీయదు. మన ఆక్షేపణ నిత్యపు ఖర్చుపై గాదు; నిత్యపు ఖర్చును నిత్యపు రాబడితో గాక అప్పుతో నడుపుటపై.

మూడవ సూత్రము: అప్పు పోవు దారిని కనిపెట్టవలెను

ద్రవ్యలోటు 68,743 కోట్లనుండి 79,927 కోట్లకు పెరిగినది. రాష్ట్రపు మొత్తము ఉత్పత్తిలో ఇది నూటికి 4.19 నుండి 4.38కి పెరుగుట. ఇంతవరకు చదివినవాడు, పరిస్థితి చెడినదనును. రెవిన్యూ లోటు 34,743 కోట్లనుండి 33,186 కోట్లకు తగ్గినది. ఉత్పత్తిలో నూటికి 2.12 నుండి 1.82కు. ఇది మాత్రమే చదివినవాడు, పరిస్థితి బాగుపడినదనును. ఇద్దఱును నిజమే పలికిరి; ఇద్దఱును సగమే పలికిరి.

రెండింటిని గలిపి చూచు మార్గ మొక్కటి యున్నది. రెవిన్యూ లోటును ద్రవ్యలోటుచే భాగింపవలెను. 2024-25 అంచనాలో చేయదలచిన ప్రతి రూపాయి అప్పులో 50 పైసలకు కొంచెము మించి నిత్యపు ఖర్చులోని కొఱతను పూడ్చుటకే పోవును. 2025-26 అంచనాలో అది దాదాపు 41½ పైసలు. అనగా అప్పు పెరిగినది, కాని అప్పులో బావి త్రవ్వు పాలు కొంత పెరిగినది, తిని తీర్చు పాలు కొంత తగ్గినది. అయినను రూపాయికి 41½ పైసలు అల్పము కాదు. ఆ పైసలకు గుర్తుగా రేపటి పౌరుని యెదుట కాలువయు వంతెనయు నిలువవు. వడ్డీ మాత్రము నిలుచును.

నాలుగవ సూత్రము: అంచనా వేఱు, లెక్క వేఱు

పట్టికలోని సంఖ్యలు ముందుగా వేసిన అంచనాలు మాత్రమే. సంవత్సరము నడుచుచుండగా సవరించిన అంచనాలు వచ్చును. సంవత్సరము ముగిసిన పిదప తుది లెక్కలు తేలును. ఒకే యేటికి మూడు సంఖ్య లుండుటచేత, ఒక యేటి అంచనాను వేఱొక యేటి తుదిలెక్కతో పోల్చి కోరిన కథను చెప్పుటకు వీలున్నది. చదువరి దీనిని పట్టుకొనవలెను.

అంచనాకును లెక్కకును ఎంత దూరమో 2023-24 చూపుచున్నది. ఆ యేట రెవిన్యూ రాబడి 2,06,224 కోట్లు వచ్చునని అంచనా. వచ్చినది 1,73,767 కోట్లు. రెవిన్యూ లోటు 22,316 కోట్లుండునని అంచనా. తేలినది 38,682 కోట్లు. ద్రవ్యలోటు 54,587 కోట్లని అంచనా. తేలినది 62,720 కోట్లు.

రాబడి తగ్గినప్పుడు కోత ఎక్కడ పడును? అదే యేట రెవిన్యూ వ్యయపు అంచనా 2,28,540 కోట్లు కాగా, అయినది 2,12,450 కోట్లు. నూటికి 7 తగ్గినది. మూలధన వ్యయపు అంచనా 31,061 కోట్లు కాగా, అయినది 23,330 కోట్లు. నూటికి 25 తగ్గినది. దీనికి కారణము స్పష్టమే. జీతములను, పింఛనులను, వడ్డీలను ఆపుటకు వీలులేదు. ఆపినచో మఱునాడే గగ్గోలు పుట్టును. వంతెన పని ఆగినచో ఎవ్వరును వెంటనే కేకవేయరు. కాబట్టి కష్టకాలమున మొదట ఆగునది బావియే. 2025-26 అంచనాలో మూలధన వ్యయము నూటికి 24 పెరిగినదని పైన చెప్పితిమి. అది వాగ్దానము మాత్రమే. నెఱవేరినదో లేదో తుదిలెక్కలో చూచి నిర్ణయించుకొనవలెను.

అయిదవ సూత్రము: వాటాను, ధరలను లెక్కింపవలెను

పాఠశాల విద్యకు కేటాయింపు 29,909 కోట్లనుండి 31,806 కోట్లకు పెరిగినది; నూటికి 6.3. ఇది విద్యార్థులకు సంతోషవార్తయే. కాని మొత్తము వ్యయము నూటికి 9.5 పెరిగినది గదా! మొత్తములో పాఠశాల విద్య వాటా 2024-25లో నూటికి 10.2, 2025-26లో 9.9. రూపాయలు పెరిగినవి, వాటా తగ్గినది. వైద్యారోగ్యమున నిట్లే జరిగినది: రూపాయలలో నూటికి 4.6 పెరుగుదల, వాటాలో తఱుగుదల. ప్రభుత్వము దేనిని ముందునకు దెచ్చుచున్నది, దేనిని వెనుకకు నెట్టుచున్నది యని తెలిసికొనుటకు వాటాయే మంచి కొలబద్ద.

ధరల సంగతి మఱియొకటి. 2024-25లో దేశమున వినియోగ వస్తువుల ధరలు సగటున నూటికి 4.6 చొప్పున పెరిగినవి. ఆ వేగమే సాగియుండినచో, వైద్యమునకు పెరిగిన నూటికి 4.6 అంతయు ధరలకే చెల్లిపోయెడిది. నిరుటి మందులే, నిరుటి పడకలే మిగిలెడివి. 2025లో ధరల వేగము బాగుగ తగ్గెను గనుక ఆ రూపాయల విలువ కొంత నిలిచినది. రూపాయలను లెక్కించుటతో పని తీఱదు. ఆ రూపాయలు కొను వస్తువులను గూడ లెక్కింపవలెను.

ఆఱవ సూత్రము: రాబడి మూలమును తెలిసికొనవలెను

పైన చూపిన సంఖ్యలనుబట్టి రెవిన్యూ రాబడి అంచనా 2,01,174 కోట్లనుండి 2,17,976 కోట్లకు, అనగా 16,802 కోట్లు పెరిగినది. ఇదంతయు రాష్ట్రపు స్వప్రయత్న ఫలమనుకొనరాదు. కేంద్రము పంచిపెట్టవలసిన పన్నులలో నూటికి 41 పాళ్లు రాష్ట్రములకును, ఆ భాగములో నూటికి 4.047 పాళ్లు ఆంధ్రప్రదేశ్‌కును చెందునట్లు 15వ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు నిర్ణయించెను. 2024-25 కేంద్ర బడ్జెట్టులో ఆ వంతు 50,475 కోట్లు. 2025-26లో 57,566 కోట్లు. వంతు మాఱలేదు, పంచెడి రాశి పెద్దదైనది. ఈ విధముగా చేరునది 7,091 కోట్ల పెరుగుదల.

రాబడిలోని మార్పు ఒక్కొక్కప్పుడు ప్రభుత్వపు సంకల్పమును దెలుపును. మన తెలుగు జిల్లాలు కొన్ని చెన్నపురి రాజధానిలో నున్న కాలమున, 1937లో శ్రీ రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యపాన నిషేధమును ప్రారంభించెను. మఱుసటి యేట అది చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చెను. నాడు మద్యముపై పన్ను రాజధానికి పెద్ద రాబడి. దానిని వదలుకొనినవారు మఱియొక దారిని వెదకవలసి వచ్చెను. 1939లో సాధారణ అమ్మకపు పన్ను విధింపబడెను. ఒక పద్దు తగ్గి వేఱొకటి హెచ్చిన ఆ రెండేండ్ల పట్టికలను చూచువానికి అవి అంకెలవలె కనబడును. చదువువానికి ఒక నిశ్చయపు చరిత్రవలె కనబడును.

ముగింపు

చెప్పినదానిని సంగ్రహింతము. రెండేండ్ల పట్టికలు చేతికి వచ్చినప్పుడు, మొత్తమును చూచి మెచ్చుటయు నొచ్చుటయు మాని, యీ ప్రశ్నల నడుగవలెను. ఇవి ఒకే జాతి సంఖ్యలా? పెరుగుదల ఏ పాయలోనికి పోయినది? అప్పు దేనికి? నిరుటి అంచనా నెఱవేరినదా? వాటా పెరిగినదా? ధరలు పోగా మిగిలినదేమి? రాబడి ఎవరి చేతినుండి వచ్చినది? వీనికి సమాధానము లీయలేని పొగడ్తను నమ్మరాదు; వీనిని విచారింపని నిందను నమ్మరాదు.

తల్లిదండ్రులకును ఒక మనవి. ఇంటి జమాఖర్చులు పిల్లలకు తెలియరాదను తలంపు మనలో పెక్కుమందికి కలదు. నెలకొకసారి యైనను వానిని పిల్లలయెదుట విప్పి, ఏది నిత్యపు ఖర్చో, ఏది నిలుచునదో, ఏ అప్పు దేనికి చేసితిమో చెప్పినచో మంచిది. ఇంటి పద్దును చదువనేర్చినవారే రేపు రాష్ట్రపు పద్దును చదువగలరు. చదువగలవారి యెదుట ప్రభుత్వములు మఱింత జాగ్రత్తతో పద్దు వ్రాయును.

అభ్యాసము

1. పై పట్టికనుబట్టి జలవనరుల కేటాయింపు నూటికెంత పెరిగినదో కనుగొనుడు. మొత్తము వ్యయములో దాని వాటా పెరిగినదా, తగ్గినదా?

2. 2023-24లో రెవిన్యూ లోటు అంచనాకంటె ఎన్ని కోట్లు హెచ్చినది? ఆ హెచ్చు అంచనాలో నూటికెంత?

3. ఒక గృహస్థుడు మొదటి యేట 40,000 అప్పు చేసి 30,000 తిండికిని, 10,000 కాడియెద్దులకును వెచ్చించెను. రెండవ యేట 50,000 అప్పు చేసి 20,000 తిండికిని, 30,000 పొలమునకును వెచ్చించెను. ఏ యేటి అప్పు మేలైనది? కారణములను వ్రాయుడు.

4. మీ గ్రామ పంచాయతీ లేక పురపాలక సంఘపు రెండేండ్ల ఆయవ్యయములను పెద్దల సహాయమున సంపాదించి, పై సూత్రముల ప్రకారము ఒక పుటకు మించకుండ పోలిక వ్రాయుడు.